బొబ్బిలి తరువాత: ఉత్తర సర్కారుల చరిత్ర, 8వ ప్రకరణము

బొబ్బిలి కథ విననివాడు తెలుగునాట అరుదు. జంగము కథగను, బుర్రకథగను, నాటకముగను, తుదకు చలనచిత్రముగను రెండు శతాబ్దములకు పైబడి ఇంటింట వినబడుచున్న ఆ గాథయందు రంగారాయని పట్టుదలయు, మల్లమ్మదేవి ధైర్యమును, తాండ్ర పాపారాయని ప్రతీకారమును మన మనస్సులలో ఎంత గాఢముగ నాటుకొనినవో వేరుగ చెప్ప పనిలేదు. పాపారాయడు రాత్రివేళ విజయరామరాజు గుడారము చొచ్చి పగ దీర్చుకొనిన ఘట్టముతో కథకుడు తంబుర దించును. శ్రోతలు కన్నులు తుడుచుకొని లేచిపోవుదురు. ఆ రాత్రి గడచిన పిమ్మట ఏమి జరిగినదని అడిగినవానికి మాత్రము చెప్పవలసినది ఇంకను 37 సంవత్సరముల వృత్తాంతము కలదు. అందు కత్తి దూసిన వీరులకంటె జీతపు బాకీలును, కౌలు ఒడంబడికలును, సంధిపత్రములలోని షరతులును ఎక్కువగ ఎదురగును; పాటకు లొంగు ఘట్టములు తక్కువ. కాని గంజాము మొదలుకొని గుంటూరు వరకుగల మన తీరభూమి పరుల యేలుబడిలోనికి జారిపోయినది ఆ కాలమునందే.

గతించిన యుద్ధములను గూర్చి నేడు చదువుటవలన ప్రయోజనమేమని ఈ ధారావాహికను చదువు మిత్రులు కొందరు ప్రశ్నించుచున్నారు. శాంతిని కోరువారు యుద్ధకథలను మరచుటే మేలుగదా యనువారును, అణ్వస్త్రములును ఆకాశయానములును వచ్చిన ఈ కాలమున మట్టికోటల ముట్టడులు మనకేమి నేర్పగలవనువారును అందు కలరు. రెండును ఆలోచించి అడిగిన ప్రశ్నలే కనుక ఆలోచించియే ప్రత్యుత్తరమీయవలెను. ఒక యుద్ధమును అది జరిగిన దినమునుబట్టి గాక, దానికి ముందు వెనుకలనున్న సంవత్సరములనుబట్టి తెలిసికొను అలవాటు జనులకు పుట్టనంతవరకు, తమను యుద్ధమునకు పిలుచువారి మాటలలో ఏది నిజమో ఏది కాదో వారు తేల్చుకొనజాలరు. ఆ అలవాటు యుద్ధచరిత్రను ఓపికతో చదువుటవలన గాక వేరొక విధమున అబ్బునని నేననుకొనను. బొబ్బిలి విషయమున దీనిని చూపుటకు ఈ ప్రకరణమును వినియోగించుచున్నాను.

1748లో మొదటి నిజాము మరణించిన పిదప దక్కను సుబాలో వారసత్వ కలహములు చెలరేగుటయు, నాసిర్‌జంగు, ముజఫర్‌జంగు ఒకరివెంట నొకరు హతులగుటయు, 1751లో ఫ్రెంచి సేనాని బుస్సీ సలాబత్‌జంగును గద్దె నెక్కించుటయు వెనుకటి ప్రకరణములలో చెప్పబడినవి. ఆ గద్దె నిలుచుటకు బుస్సీ సైన్యము కావలెను. సైన్యము నిలుచుటకు నెలనెల జీతములు కావలెను. హైదరాబాదు ఖజానాలో రొక్కము లేదు. కావున 1753 చివర ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారుల ఆదాయమును సైన్యపు వ్యయము క్రింద ఫ్రెంచివారికి వ్రాసియిచ్చిరి. పాఠకులు ఇచ్చట ఒకింత నిలువవలెనని నా ప్రార్థన. తన పీఠమును కాపాడుకొనుటకు ఒక ప్రభువు పరదేశపు సేనను ఉంచుకొనెను. ఆ సేనకు జీతమిచ్చుటకు తన రాజ్యభాగమునే అప్పగించెను. ఆ భాగమున శిస్తు వసూలు చేయుటకు ఆ పరదేశీయునకు స్థానికుడైన బలవంతుడొకడు తోడు కావలసివచ్చెను. బొబ్బిలి వినాశమునకు బీజము ఈ మూడవ సంగతియందున్నది.

ఆ బలవంతుడు విజయనగర ప్రభువైన పూసపాటి విజయరామరాజు. అంతకుముందు శ్రీకాకుళ, రాజమహేంద్రవర సర్కారుల ఫౌజుదారుగా నుండిన జాఫరలీ, ఫ్రెంచివారికి అధికారము నప్పగింప నొల్లక, విజయరామరాజుతో చేతులు కలిపి ఎదిరింపనెంచెను. మచిలీపట్టణమున ఫ్రెంచి వ్యవహారములకు అధిపతియైన మొరాసిన్ కత్తి దూయలేదు; ఆ రెండు సర్కారులను స్వల్పమైన పన్నుకు విజయరామరాజునకే కౌలుకిచ్చెదనని కబురంపెను. మైత్రి ఆ ఒక్క కబురుతో విడిపోయెను. ఒంటరియైన జాఫరలీ నాగపురమునుండి మరాఠా దండును పిలుచుకొని రాగా, 1754లో ఆ అశ్వసేన తీరమును దోచుకొని వెడలిపోయినది. ఇంటి తగవునకు పొరుగుదేశపు కత్తిని పిలుచుట ఆనాడు వింత గాదు. సర్కారులలోని ప్రతి అధికారియు, ప్రతి జమీందారును ఏదో యొక సమయమున చేసిన పనియే అది.

విజయనగరమునకును బొబ్బిలికిని వైరము పాతది. ఆ వైరమునకు గల కారణములలో ఒకదానిని రాబర్ట్ ఓర్మ్ వ్రాసియుంచినాడు. ఈయన 1728లో తిరువాన్కూరు తీరమున అంజెంగోలో పుట్టి, బొబ్బిలి యుద్ధము జరిగిన కాలమున చెన్నపట్టణపు కౌన్సిలులో సభ్యుడుగా నుండి, తరువాత ఇంగ్లండునకు మరలి హిందూస్థానమున ఇంగ్లీషువారి సైనిక వ్యవహారముల చరిత్రను సంపుటములుగ ప్రకటించినవాడు. కంపెనీ పక్షమువాడే యైనను విషయసేకరణమున శ్రద్ధ గలవాడు. బొబ్బిలివారు ఏళ్ళ నీటిని తమవైపునకు మళ్ళించుకొనుచుండిరనునది విజయరామరాజు ఆరోపణములలో నొకటియని ఆయనవలన తెలియుచున్నది. నీటి వంతుల తగవు మన పల్లెలలో ఏటేట పుట్టునది. పెద్దమనుష్యులు రచ్చబండమీద కూర్చుండి, గట్టు ఎత్తును గూటాము పాతి నిర్ణయించి, సాయంకాలమునకు తీర్చిపుచ్చునది. అట్టి తగవును తీర్చుటకు 1757లో ఫిరంగులు వచ్చినవి. వచ్చుటకు కారణము నీరు గాదు. తీర్పు చెప్పవలసినవాడు కక్షిదారునివద్ద పన్ను రాబట్టుకొనవలసినవాడగుట.

1756లో సలాబత్‌జంగు దర్బారువారు బుస్సీని కొలువునుండి తొలగించుటయు, అతడు హైదరాబాదులో చార్‌మహలునందు నిలిచి సహాయసేన వచ్చువరకు పోరాడి తిరిగి నెగ్గుటయు పాఠకులకు జ్ఞాపకముండును. ఆ కొన్ని మాసములలో సర్కారులందు శిస్తు సరిగ రాలేదు. సంవత్సరాంతమున బుస్సీ దండు తీరమునకు దిగగా, విజయరామరాజు తన సేనతో ఎదురేగి, బొబ్బిలి తన పొరుగున ఉండరాదని పట్టుబట్టెను. రంగారాయనికి వేరుచోట అంతకంటె విస్తారమైన భూమి నిచ్చెదననియు, బొబ్బిలి విడువుమనియు బుస్సీ అడిగించెను. పితృభూమిని విడుచుట అవమానమని రంగారాయడు నిరాకరించెను. ఇంతలో బొబ్బిలి అడవులగుండ సాగుచున్న బుస్సీ సిపాయీలమీద దాడి జరుగగా, ఆ నేరము బొబ్బిలివారిదని విజయరామరాజు నమ్మబలికెను. దుబాసీ హైదర్‌జంగు లంచము పుచ్చుకొనెనని మన కథకులందురు. లంచమున్నను లేకున్నను, కౌలుదారులలోకెల్ల పెద్దవాని కోరికను త్రోసిపుచ్చుట, సేనకు జీతము బాకీపడిన సేనానికి సులభము గాదు.

1757 జనవరి 24వ తేదీ వేకువజామున ఫిరంగులు మ్రోగినవి. మట్టికోట; లోపల తుపాకులు పట్టగలవారు కొలదిమంది; వెలుపల వందలకొలది ఐరోపా సైనికులును, వేలకొలది విజయనగరపు సేనయు. బురుజులలో గండ్లు పడినను లోనివారు మాటిమాటికిని శత్రువును వెనుకకు నెట్టుచు మధ్యాహ్నము దాటువరకు నిలిచిరి. లొంగిపోవుటకు అంగీకరించినవాడు లేడు. ఈ దినమునుగూర్చి నేను విస్తరింపను. మన కథకులు నాకంటె చక్కగ చెప్పియున్నారు. ఒక్క సంగతి మాత్రము చెప్పక తప్పదు. కోట నిలువదని తేలగనే ఇండ్లకు నిప్పు పెట్టి స్త్రీలను, పసిపిల్లలను తమవారే హతమార్చిరి. ఇది పాటలో త్యాగముగ వినబడును. నా కది అంత సులభముగ మ్రింగుడుపడదు. ఆ ఇండ్లలోనివారిలో నీటి తగవునందు పాలుగొనినవారు లేరు. కోటను విడువవలెనా వలదా యను సభలో వారి నెవ్వరును పిలిచియుండరు. చంటిబిడ్డలకు సమ్మతి యేమి, అసమ్మతి యేమి? వారి మరణమును వీరుల యశస్సులో కలిపి లెక్కగట్టుట వారికి మరియొక అన్యాయమని నా నమ్మకము. విజేతలు ప్రవేశించునప్పటికి ఆ కోటలో శవములును బూడిదయు మిగిలెను. ఒక వృద్ధుడు చిన్న బాలుని చేతబట్టుకొని వచ్చి, ఇతడు రంగారాయని కుమారుడని చెప్పి ఫ్రెంచి అధికారి లా అను నాతని కప్పగించెను. రంగారాయనికి ఈయజూపిన భూమికి ఆ బాలునే ప్రభువుగ బుస్సీ ప్రకటించెను.

మూడవ రాత్రి విజయరామరాజు తన గుడారములోనే హతుడయ్యెను. దేహముమీద 32 గాయములుండెనని ఓర్మ్ లెక్క. పొరుగువాని కోట కూలిన సంతోషమును ఆయన అనుభవించినది మూడు దినములు. కథ ఇచ్చట ముగియును.

విజయరామరాజు తరువాత ఆనందరాజు గద్దెనెక్కెను. ఫ్రెంచివారు తనకు చేసిన ఏర్పాట్లు ఆయనకు రుచింపలేదు. తన కులపెద్దను బలిగొన్న ఆ యుద్ధమువలన తన సంస్థానమునకు ఒరిగినదేమో ఆయనకు కనబడలేదు. అవకాశము 1758లో దొరికెను. ఐరోపాలో ఇంగ్లండునకును ఫ్రాన్సునకును రెండేండ్లుగ సాగుచున్న సప్తవర్ష సంగ్రామము నిమిత్తము పుదుచ్చేరికి వచ్చిన ఫ్రెంచి సేనాధిపతి లాలీ, చెన్నపట్టణమును పట్టుకొనవలెనను తొందరలో, దక్కనునుండి బుస్సీని, అతని సేనలో మేలైన భాగమును దక్షిణమునకు రప్పించుకొనెను. సర్కారులు కాంఫ్లాన్ అను అంతగా అనుభవములేని అధికారి చేతిలో మిగిలినవి. సెప్టెంబరులో ఆనందరాజు విశాఖపట్టణమునందలి ఫ్రెంచి ఠాణాను పట్టుకొని, తోడురమ్మని చెన్నపట్టణపు ఇంగ్లీషువారికి వ్రాసెను. లాలీ దండెత్తి రాబోవు భయముతోనున్న వారు కదలలేకపోయిరి. ఆయన అంతటితో నూరకుండక కలకత్తాకు వ్రాసెను.

కలకత్తాలో అప్పుడు క్లైవు కలడు. ప్లాసీ యుద్ధము ముగిసి ఏడాది దాటినది, బంగాళమింకను స్థిరపడలేదు, ఈ సమయమున సేనను దూరమునకు పంపుట సాహసమని ఆయన కౌన్సిలువారు అడ్డుచెప్పిరి. అయినను క్లైవు పంపనెంచెను. చెన్నపట్టణముమీద విరుచుకపడనున్న ఫ్రెంచివారి దృష్టిని ఉత్తరమునకు మళ్ళించుటయు, వారి సైన్యమును పోషించు సర్కారుల ఆదాయమును మొదలంట తెగగొట్టుటయు ఆయన ఉద్దేశము. ఆనందరాజు కోపముతో ఆయనకు పనిలేదు. కర్నల్ ఫోర్డు వెంట సుమారు 500 ఐరోపా సైనికులును, 2,000 సిపాయీలును ఓడలెక్కి, అక్టోబరులో విశాఖపట్టణమున దిగిరి.

వీరు కశింకోటలో ఆనందరాజుతో చేసికొనిన ఒడంబడిక మన పాఠశాలల చరిత్ర పుస్తకములలో కనబడదు. బొబ్బిలి ముట్టడికంటె శ్రద్ధగ చదువదగినది ఇదియే. సేన వ్యయమునకు నెలకు 50,000 రూపాయలును, అధికారుల భత్యమునకు 6,000 రూపాయలును ఆనందరాజు ఇచ్చుకొనవలెను. రాజమహేంద్రవరము ఆయన చేతికి వచ్చినపిమ్మట ఆ సొమ్ము చెల్లింపవలెను. జయించిన భూమిలో లోనాడు ఆయనకును, విశాఖపట్టణము మొదలు మచిలీపట్టణము వరకుగల సముద్రతీరము కంపెనీకిని చెందవలెను. ఓడరేవులను, ఉప్పుకొటార్లను, వస్త్రవ్యాపారమును, పరదేశమునుండి సేన దిగుటకు వలసిన దారిని కంపెనీ తనకుంచుకొని, శిస్తు వసూలునందలి కష్టమంతయు రాజునకు వదలినది. సంతకము చేయునాడు ఆనందరాజునకు అది లాభముగనే తోచియుండును.

డిసెంబరులో పిఠాపురమునకు చేరువగ చందుర్తివద్ద ఇరుసేనలు తలపడినవి. సైనికవిద్యను అభ్యసించువారు నేటికిని చదువదగిన పోరాటమిది. బంగాళమునుండి వచ్చిన సిపాయీలు ఐరోపావారివలె ఎర్రని ఉడుపులు ధరించియుండిరి. తెల్లని ఉడుపుల సిపాయీలను మాత్రమే ఎరిగిన కాంఫ్లానునకు ఈ సంగతి తెలియదు. ఫోర్డు తన ఐరోపా దళమును ఏపుగ ఎదిగిన చేనిమాటున నిలిపి, సిపాయీలను బయట కనబడునట్లు నిలిపి, వారి జెండాలను చుట్టించెను. ఎర్రని ఉడుపులు చూచి ఇంగ్లీషువారి ముఖ్యబలమిదియేయని భ్రమపడి ఫ్రెంచి పటాలము వారిపై విరుచుకపడి, చెదరగొట్టి, తరుముచు ముందునకు సాగెను. అంతట చేనిమాటునుండి అసలు దళము వెడలివచ్చి ఆ పటాలమును ప్రక్కనుండి తాకెను. చిన్న సేన పెద్ద సేనను గెలిచినది. ఫ్రెంచివారి ఫిరంగులు, గుడారములు చేతికి చిక్కినవి. కాంఫ్లాన్ రాజమహేంద్రవరము మీదుగ మచిలీపట్టణమునకు పారిపోయెను. ఎదుటివాని ఉడుపు మారినదని తెలియకపోవుటవలన ఒక రాజ్యము చేజారెను.

గెలుపు దక్కినను డబ్బు రాలేదు. ఆనందరాజు వాయిదా సొమ్ము చెల్లింపకపోవుటచే ఫోర్డు సేన వారములకొలది కదలలేకపోయెను. కోపము, బ్రతిమాలుట, తిరిగి ఒడంబడిక! చివరకు ఇచ్చిన సొమ్మును అప్పుగ భావించుటకును, వచ్చు ఆదాయమును సగముసగము పంచుకొనుటకును కుదిరిన మీదట సేన సాగి 1759 మార్చిలో మచిలీపట్టణము చేరెను. అచ్చట ఫోర్డు చిక్కుకొనిన స్థితిని తలచుకొనిన ఒడలు జలదరించును. ఎదుట బురదనేలల నడుమ గట్టి కోట. లోపల ముట్టడించువారికంటె ఎక్కువమంది రక్షకులు. వెనుక ఫ్రెంచి దళమొకటి రాజమహేంద్రవరమును తిరిగి పట్టుకొని ధనము వచ్చు త్రోవను మూసినది. సలాబత్‌జంగు వేలకొలది సేనతో బెజవాడకు వచ్చినాడు. జీతము లేదని స్వంత సైనికులే తుపాకులు క్రింద పెట్టిరి. మందుగుండు రెండు దినములకు సరిపోవునంత మాత్రమే మిగిలినది. ఫోర్డు ఏప్రిల్ 7వ తేదీ అర్ధరాత్రమున దాడికి ఆజ్ఞాపించెను. ఒక దళము నైరృతిమూలను బురదలో దిగి అలజడి చేయగ, ఆనందరాజు సేన కట్టమీదినుండి కేకలువేయగ, అసలు దళము ఈశాన్యపు బురుజున ఎక్కినది. తెల్లవారునప్పటికి కోట లొంగినది. పట్టుబడినవారు పట్టుకొనినవారికంటె ఎక్కువ. కొలది దినములకు ఫ్రెంచి ఓడలు రెండు సహాయసేనతో రేవునకు వచ్చి, కోటమీది జెండాను చూచి మరలిపోయినవి.

ఫ్రెంచివారికి సాయపడుటకై బెజవాడ వరకు వచ్చిన సలాబత్‌జంగు, అదే ప్రయాణమున, మే 14వ తేదీన, ఇంగ్లీషువారితో సంధిచేసికొనెను. మచిలీపట్టణమును, చుట్టుప్రక్కల జిల్లాలను ఇనాముగ వారికిచ్చెను. ఫ్రెంచివారిని దక్కనులో ఉండనీయనని మాట యిచ్చెను. ఆనందరాజునకు దక్కినదేమి? ఆ యేటి శిస్తును అడుగకుండుటయు, ఇకమీద మునుపటివలె పన్ను కట్టుకొని యుండుటకు అనుమతియు. యుద్ధవ్యయమును మోయుటకు ఒప్పుకొనినవాడు, సేనను పిలిపించినవాడు, తన రైతుల గాదెలమీదుగ మూడు దండులను నడిపించినవాడు ఆయన, తీరము కంపెనీది.

తరువాతి ఘట్టములను త్వరగ చెప్పెదను. 1762లో సలాబత్‌జంగును అతని తమ్ముడు నిజామలీ పదచ్యుతుని జేసి బీదరుకోటలో బంధించెను. 1763 ఫిబ్రవరిలో సప్తవర్ష సంగ్రామమును ముగించిన పారిసు సంధియందు ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములు రెండును సలాబత్‌జంగును దక్కనునకు న్యాయమైన సుబేదారుగ అంగీకరించినట్లు ఒక షరతు వ్రాసికొనినవి. అప్పటి కాతడు కారాగారమున నుండెను, ఆ సంవత్సరమే అందు మరణించెను. 1765లో ఢిల్లీ పాదుషా షాఆలముచేత సర్కారులకు ఫర్మానా వ్రాయించుకొని, 1766లో నిజామలీతో సంధిచేసికొని, ఏటేట పేష్కషు చెల్లించు కరారుమీద కంపెనీవారు ఉత్తర సర్కారులను వశపరచుకొనిరి; గుంటూరు మాత్రము 1788లో చేరెను. ఈ పత్రములు సిద్ధమైన గదులలో తెలుగు రైతు లేడు, తెలుగు జమీందారును లేడు.

యుద్ధమునకు దిగిన ప్రతివాడును ఏమి కోరెనో, ఏమి పొందెనో ఒకచో పెట్టి చూడుడు. పొరుగువాడు తొలగవలెనని కోరిన విజయరామరాజు మూడవ రాత్రి కూలెను. సర్కారులు నెమ్మదిగనుండి శిస్తు రావలెనని కోరిన బుస్సీకి రెండేండ్లలో సర్కారులే లేకుండబోయినవి. లోనాటి కంతకు ఏలిక కాదలచిన ఆనందరాజు ఒక యేటి పన్ను మినహాయింపుతో తృప్తిపడవలసివచ్చెను. ఫ్రెంచివారిని రక్షింపవచ్చిన సలాబత్‌జంగు వారి భూమిని వారి శత్రువునకు తన చేతులతోనే ధారపోసెను. బొబ్బిలి ముట్టడిలో ఒక తుపాకియైన పేల్చని కంపెనీ ఈ ఫలములన్నిటిని కోసికొనినది. ఇది దైవఘటన గాదు. మోసము మాత్రమే యని కోపపడి ఊరుకొనుటకును వీలులేదు. జీతపు పట్టీని, కౌలు ఒడంబడికను, కశింకోట షరతులను ఆనాడే ఎవరైన వరుసగ చదివియుండినచో తీరము ఎవరిదగునో ఊహింపగలిగియుందురు. నేటి మనుష్యునకు యుద్ధము ఇంటిలోని తెరమీదనే కనబడుచున్నది. ప్రేలుడు కనబడును, కూలిన మేడ కనబడును, గెలిచితిమను ప్రకటన వినబడును. ఆయుధములు ఎవరి అప్పుమీద వచ్చినవో, ఆ అప్పునకు ఏ గని, ఏ రేవు తాకట్టుపడినదో కనబడదు. వాటిని వెదకవలెనను బుద్ధి 1758వ సంవత్సరమునుగూర్చి చదివినవానికి పుట్టును.

యుద్ధముల చదువు క్రౌర్యమును పెంచునను భయమునకు మన భారతమే సమాధానము. పదునెనిమిది దినముల పోరుతో వ్యాసుడును, తిక్కనయు కలము నిలుపలేదు. సౌప్తికమున నిద్రించువారి వధయు, స్త్రీపర్వమున రణభూమిలో విధవల రోదనమును, శాంతిపర్వమున గెలిచినవాని దుఃఖమును చెప్పవలసినవనియే వారు తలచిరి. క్రౌర్యమును పెంచునది సగము చెప్పిన యుద్ధకథ. కళింగమును జయించిన అశోకుడు, లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమందిని ఉన్న చోటునుండి తరలించిరనియు, అంతకు ఎన్నియో రెట్లు నశించిరనియు తన పదమూడవ శిలాశాసనమున తానే చెక్కించెను. కర్నూలు సీమలోని ఎర్రగుడి బండలమీద ఆ శాసనము నేటికిని ఉన్నది. కాని ఏ నేలమీద ఆ రక్తము చిందినదో ఆ కళింగమునందలి ధౌళి, జౌగడ శిలలపై ఆ ఒక్క శాసనమును, దానితోబాటు మరి రెండును విడిచిపెట్టబడినవి. జౌగడ గంజాము సీమలోనిది. మన శ్రీకాకుళ సర్కారు గంజాము దాక వ్యాపించియుండెను. ఓడినవారి యెదుట ఏ లెక్క చెప్పవలెనో, ఏది చెప్పరాదో గెలిచినవాడు రెండువేల యేండ్లకు పూర్వమే యోచించెననుట దీనివలన తెలియును. ఈనాటి యుద్ధవార్తలలో ఏ అంకె ఎవరికి చూపబడుచున్నదని అడుగుటకు ఇంతకంటె మంచి పాఠము నేనెరుగను. శాంతి కాముకులు ఈ చదువును సైనికులకు వదలివేయుట నాకు విచారమును కలిగించుచున్నది. సేనాని చందుర్తినుండి చేనిమాటు పన్నుగడను నేర్చుకొనును. అది అతని వృత్తి. చందుర్తికి ముందు కశింకోట, చందుర్తికి తరువాత బెజవాడ ఉన్నవని జ్ఞాపకముంచుకొనవలసినది పౌరుడు. ఆ పని అతనికి బదులుగ మరియొకరు చేయరు.

ఇక విజయనగరము సంగతి. ఆనందరాజు తరువాత కొలది కాలమునకే స్ఫోటకముచే మరణింపగ, బాలుడైన చిన విజయరామరాజు గద్దెకు వచ్చెను. పెత్తనము అన్నయైన సీతారామరాజు చేతిలో నుండెను. బొబ్బిలి కోటలో వృద్ధుడు కాపాడిన బాలుని, చిన రంగారాయని, ఆ పెత్తనము క్రిందనే విజయనగరమున నిర్బంధించిరి. ఆయన 1790లో తప్పించుకొని నిజాము రాజ్యమునకు పోయెను. కంపెనీవారు విజయనగరముమీద పేష్కషును పెంచుచు, బాకీలు లెక్కగట్టుచు, చివరకు ఆ బాకీలకై సంస్థానమును స్వాధీనపరచుకొని, నెలకు 1,200 రూపాయల భరణముమీద మచిలీపట్టణమునకు పొమ్మని రాజును ఆజ్ఞాపించిరి. ఆయన పోలేదు. విజయనగరమునకును భీమునిపట్టణమునకును నడుమనున్న పద్మనాభమువద్ద తన క్షత్రియ బంధువులతో విడిసెను. 1794 జూలై 10వ తేదీ ఉదయమున కర్నల్ ప్రెండర్‌గాస్టు నడిపిన కంపెనీ సేన వారిపై పడినది. పోరాటము ఒక గంటయైన సాగలేదు. విజయరామరాజును, ఆయనను చుట్టుకొని నిలిచిన దొరలును అచ్చటనే కూలిరి. ముప్పదియారేండ్ల క్రిందట ఆ వంశమువారే ఓడలలో పిలిపించిన కంపెనీ చేసిన పని ఇది. విజయనగరమునకు లోబడియుండిన జమీందారీలు అనేకము విడదీయబడినవి. నిజాము రాజ్యమునుండి చిన రంగారాయని పిలిపించి బొబ్బిలిని తిరిగి ఆయన కిచ్చిరి. ఇచ్చినవారు కంపెనీవారు, పుచ్చుకొనినవాడు వారికి పేష్కషు కట్టవలసినవాడు. ఏటి నీరు మాత్రము బొబ్బిలి, విజయనగరముల పొలములలో ఎప్పటివలెనే వంతులకై తగవులాడించుచుండెను. ఆ తగవులను విచారించుటకు ఇప్పుడు విశాఖపట్టణమున ఇంగ్లీషు కలెక్టరు కూర్చుండెను.

1802లో ఈ సీమలో అమలైన శాశ్వత పైసలా ఒప్పందమున ఏ జమీందారుకు ఎంత నిర్ణయమైనదో, ఆ భారము రైతుమీద ఎట్లు పడినదో వచ్చు ప్రకరణమున విన్నవించెదను.

(తరువాయి వచ్చే సంచికలో)